లేజర్‌కు గుక్కెడు నీళ్లు

లాగ్ 88

ఓదెలు దవడ పన్ను నిలువునా పగిలింది. లేజర్‌తో పుచ్చు తీయించుకుని వారం కూడా కాలేదు. అన్నం నములుతుంటే టక్కుమందట, నాలుకకు ముక్క తగిలిందట. ఆ ముక్కను గుడ్డలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇగో, దీని ఫోటో తీసి గోడ మీద పెట్టు. కంపెనీ లేజర్ జేసిన పని," అన్నాడు.

ఓదెలు సంఘం కార్యదర్శి. నేను చంద్రుడి మీద ఈ నాలుగో మంచు బాయిలో, అంటే గనిలో, గోడ వార్తలు రాస్తాను. భోజనాల హాల్లో గోడ నిండా తెర ఉంటుంది. షిఫ్టు మారినప్పుడల్లా దాని మీద కొత్త వార్తలు వస్తాయి. ఈ లాగ్ ఆ తెర కోసం కాదు. విన్నదీ చూసిందీ ముందు ఇక్కడ చెప్పి ఉంచుతాను. "నేనట్ల అనలేదు" అని ఎవరైనా అంటే వినిపించడానికి పనికొస్తుంది.

ఇప్పటికి తేలింది ఇంతే. లేజర్ తర్వాత పళ్లు పగిలినవాళ్లు ఓదెలుతో కలిపి నలుగురు. అందరూ బయట మంచు తవ్వేవాళ్లే.

"కొరుకుడు పరీక్షల నేనేం వెట్టి కొరకాలె వినోదక్కా? చిగుర్లతోనా?" అన్నాడు ఓదెలు.

బయటి సూటులో నోటి దగ్గర ఒక మీట ఉంటుంది. చేతులు ఇరుక్కుపోయినప్పుడు దాన్ని వెనక పళ్లతో గట్టిగా కొరికితే అదనపు గాలి వదులుతుంది. ఏడాదికోసారి ఆ కొరుకును కొలుస్తారు. కట్టుడు పళ్లు ఒప్పుకోరు. పరీక్ష తప్పితే బయటి పని పోతుంది. పని పోయినవాళ్లకు చంద్రుడి మీద చోటు లేదు. ఓడ రాగానే భూమికి ఎక్కిస్తారు. బొగ్గు బాయిల నుంచి వచ్చిన మా తాతలకు భూమి సొంత ఊరు. ఇక్కడే పుట్టిన మాకు అక్కడ ఒళ్లు ఆరింతల బరువు. పోయిన ఓడలో వెళ్లినవాళ్లలో ఒక్కరు కూడా ఇంకా కర్ర లేకుండా నడవడం లేదని కబురు.

ఓదెలు గుడ్డ మూట మళ్లీ కట్టుకుని లేచాడు. తలుపు దగ్గర ఆగాడు.

"నీ చెల్లె పన్ను గూడ పుచ్చిందట గదా. లేజర్ దిక్కు పంపకు."

నా చెల్లెలు స్వరూప బయటి పనికి సర్దార్, జట్టు పెద్ద. ఎడమవైపు దవడ పళ్లు ఎప్పుడో పోయాయి. పుచ్చింది కుడివైపు పన్ను. అది పోతే కొరకడానికి ఇంకేమీ ఉండదు. ఆమె పరీక్ష ఈ నెలలోనే.

లాగ్ 89

డాక్టర్ సువర్చల దగ్గరికి వెళ్లాను. ఆమె కాంట్రాక్టు మీద భూమి నుంచి వచ్చిన మనిషి, కోస్తా మాట. డ్రిల్లు మొనలన్నీ అరిగిపోయి పడున్నాయి, కొత్తవి రాలేదు. అందుకే ఏ పన్నుకైనా లేజరే.

యంత్రం పనిచేస్తుంటే చూడనిచ్చారు. నాకూ నల్లద్దాలు పెట్టారు. పుచ్చిన చోట తడి ఎక్కువ ఉంటుందట. ఈ కాంతి ఆ తడిని క్షణంలో ఆవిరి చేస్తే, దాంతోపాటు పుచ్చు పొడిగా ఎగిరిపోతుంది. టపటపమని పేలాలు వేగిన చప్పుడు. మంచి పన్ను వేడెక్కకుండా పక్క నుంచి నీటి జల్లు పడుతూ ఉండాలి.

"నీళ్లు తగ్గితే?" అని అడిగాను.

"తగ్గవండి. తగ్గితే మిషనే ఆగిపోతుంది. చూడండి, మీటరు నిండుగా ఉంది."

మీటరు నిండుగానే ఉంది.

"మేనేజర్లకు కూడా ఈ మిషన్‌తోనే చేశారా?"

"దీంతోనే. అదే పవరు, ఇదే చెయ్యి. వాళ్లలో ఒక్కరికి పగల్లేదు. బయట ఏమనుకుంటున్నారో నాకు తెలుసు వినోద గారూ. కార్మికులకి కావాలని పవరు పెంచుతున్నానని. నిన్న ఎవరో తలుపు మీద 'పళ్లు పగలగొట్టబడును' అని రాసి పోయారు. చేతిరాత మాత్రం బాగుంది."

నవ్వబోయింది, కుదరలేదు. నేను బయటికి వచ్చేసరికి వరండాలో ఇద్దరు రోగులు తమ వంతు వదులుకుని వెళ్లిపోతున్నారు.

లాగ్ 91

పగిలిన నలుగురినీ విడివిడిగా అడిగాను. ఒకరి మాట ఇంకొకరికి చెప్పలేదు. నలుగురూ ఒకే సంగతి చెప్పారు. లేజర్ పెట్టిన కాసేపటికి వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. మేనేజర్లలో ఇద్దరిని అడిగాను. వాళ్లకు వాసనేమీ రాలేదు.

పగలని కార్మికులు కూడా ఉండాలి కదా అని వెతికితే ఒక్క కనకవ్వ దొరికింది. వంటశాలలో పని చేస్తుంది. ఆమె పన్ను రాయిలా ఉంది. నా ముందే శనగలు కొరికి చూపించింది.

"నీకు ఎట్ల బాగైందే?" అన్నాను.

"నాకేమెర్క? మేనేజర్ చక్రపాణి సారు కుర్చీలకెళ్లి లేసిండు, నేను కూసున్న. డాక్టరమ్మ మిషన్ల నీళ్లున్నయి, ఇవే సరిపోతయ్, నీ క్యాన్ తీస్కపో అన్నది. తెచ్చుకొని పప్పుల పోసిన. అది గూడ కరాబైంది."

"ఏమైంది?"

"ఉప్పెయ్యకముందే ఉప్పగైంది. మా ఆయన తిట్టిండు, రెండుమాట్ల ఏసినవానే అని. అక్కా, నేను ఒక్కమాటు గూడ ఎయ్యలే!"

క్యాన్ అంటే గుక్కెడు క్యాన్. కార్మికుల వైద్యానికి కంపెనీ నీళ్లు ఇవ్వదు. ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకోవాలి. మేం తవ్విన మంచంతా ఓడల ట్యాంకుల్లోకి పోతుంది. మాకు వచ్చేది రేషను. మొదటి ఏళ్లలో పైపు పగిలి, మా ఇళ్లున్న గ్యాలరీకి నీళ్లు బందైనప్పుడు, దెబ్బ తగిలిన మనిషికి ఇంటికో గుక్కెడు పోసి బతికించారు. అప్పటి నుంచి ఎవరు వైద్యానికి పోయినా ఇంటికో గుక్కెడు. పోయకపోవడం అంటే ఆ మనిషి చావు కోరినట్టు. అన్నీ మంత్రసాని రాజవ్వ క్యాన్‌లో చేరతాయి. రోగికి ఆ క్యాన్ ఇచ్చేది రాజవ్వే.

ఇంటికి వచ్చేసరికి స్వరూప చెంప వాచి ఉంది. వాపు ఉన్నవాళ్లకు సూటు ఇవ్వరు కాబట్టి ఆమెను డ్యూటీ నుంచి దింపేశారు.

"రాజవ్వ వచ్చింది. రేపటి నుంచి నా కోసం గుక్కెడు ఎత్తుతదట," అన్నది.

"ఎత్తనియ్యకు."

"ఏందే నీ మాట! ఎత్తకుంటె చూసేటోళ్లు ఏమనుకుంటరు? నన్ను పాడె మీద వెట్టినవా?"

"పప్పు ఉప్పగైందట," అన్నాను.

"ఎవలి పప్పు?"

చెప్పాను. స్వరూప చెంప పట్టుకునే నా మీదికి లేచింది.

"ఊరందరు పన్ను పగిలిందని ఏడుస్తాంటె నువ్వు పప్పు ముచ్చట వట్టుకొని తిరుగుతానవ్. నీకు ఈ నౌకరీ ఎవలిచ్చిన్రే?"

లాగ్ 92

పప్పు ముచ్చట పట్టుకుని డాక్టర్ దగ్గరికే వెళ్లాను. ఆమె లేజర్ కొస విప్పి భూతద్దం కింద పెట్టింది. కాంతి వచ్చే చోటు చుట్టూ నీళ్లు చిమ్మే సన్నటి రంధ్రాలు మూడు. రెండింటిలో తెల్లటి గడ్డ. మూసుకుపోయాయి.

డాక్టర్ కుర్చీలో కూలబడింది.

"మీటరు పంపు దగ్గరుందండి. నీళ్లు వెళ్తున్నాయా లేదా అనే చూస్తుంది, ఎక్కడ పడుతున్నాయో దానికి తెలీదు. మూడు రంధ్రాల నీళ్లూ ఒక్కదాంట్లోంచి నాలుక మీద పడ్డాయి. పన్ను ఎండిపోయి ఉంది. ఎండు పన్ను మీద నేను..."

లేచి సొరుగు తెరిచింది.

నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచే పుల్ల ఆమె దగ్గర ఉంది. ముప్పై లోపు ఉంటే ఈ యంత్రానికి పనికొస్తాయి. మేనేజర్ల వైద్యానికి కంపెనీ ఇచ్చే సీలు సీసా నీళ్లలో పుల్ల మూడు చూపించింది. మా ఇళ్ల నీళ్లు నాలుగు వందలు. ఎముకలు అరగకుండా అందులో కంపెనీయే లవణాలు కలుపుతుంది. ఓదెలు తన వంతుకు తెచ్చిన క్యాన్‌లోంచి డాక్టర్ దగ్గర మిగిలిన నీళ్లు మూడు వేలు దాటాయి.

"వడపోత పెట్టాను కదా అనుకున్నాను. అది దుమ్మునే పట్టుకుంటుంది," అన్నది డాక్టర్. "ఈ సీసాలు అందరికీ కావాలని వచ్చిన నెలలోనే అడిగానండి. తర్వాత మళ్లీ అడిగాను. ఆ గ్రేడుకి రావు అన్నారు. ఇది మీరు రాసుకోండి, నా పేరు పెట్టే రాసుకోండి."

అక్కడి నుంచి రాజవ్వ దగ్గరికి. ఆమెకు డెబ్బై దగ్గర. గ్యాలరీలో సగం మందికి పురుడు పోసింది. నేను అడగ్గానే దాచలేదు.

"ఉప్పేసిన. లవంగాలేసిన. యేడి నీళ్లల్ల నానవెట్టి గుడ్డల వడగట్టిన. పన్ను నొప్పికి ఉప్పు, లవంగం ఎయ్యకుంటె ఏమేస్తరే?"

"డాక్టర్‌కు చెప్పినవా అవ్వా?"

"ఆమెకెందుకు చెప్పాలె? మందు ఆమెది, నీళ్లు మనయి. లవంగాలు ఓడల వస్తయి, నా రేషనుల కోసి తెచ్చిన. ఊకెనే ఏసిన్నా?"

రంధ్రాల సంగతి చెప్పాను. వింటున్నంతసేపూ క్యాన్ మూత తిప్పుతూ కూర్చుంది.

"అంటె వాళ్ల పండ్లు నేను వలగ్గొట్టిన్నా?"

"నువ్వు గాదు. నీళ్లు."

"నా నీళ్లే గదనే. దొర నీళ్లకు పగలయి, మా నీళ్లకు పగులుతయా? పో బిడ్డా. ఎవలు చెప్పి పంపిన్రో వాళ్లకే పోయి చెప్పు."

లాగ్ 94

గోడ మీద పెట్టకముందే ఇద్దరికీ తెలిసిపోయింది. ఓదెలు ముందు వచ్చాడు.

"రాయకు. ఇది రాస్తె కంపెనీ ఏమంటది? మీ నీళ్లతోటే మీ పండ్లు పగిలినయ్, మాకేం సంబంధం అంటది. మమ్ముల ఓడ ఎక్కియ్యద్దని మేం వెట్టుకున్న దరఖాస్తు చెత్తల వడ్తది."

"రాయకపోతే ఐదో పన్ను పగులుతుంది, ఓదెలూ."

"అది నీ చెల్లెది గావట్టే గదా నీకింత తొందర!"

ఆ మాట అబద్ధం కాదు.

తర్వాత సంక్షేమ మేనేజర్ చక్రపాణి పిలిపించాడు. టీ ఇప్పించాడు.

"తప్పకుండా రాయండి వినోద గారూ. వాస్తవం వాస్తవమే కదా. కార్మికులు తెచ్చిన నీళ్లలో ఉప్పు ఉంది. అక్కడ ఆపేస్తే చాలు."

"డాక్టర్ మంచి నీళ్లు అడిగారు. మీరు ఇవ్వలేదు. అదీ వాస్తవమే."

"అది పాలసీ అండి. పాలసీ వార్త కాదు."

రెండూ రాశాను. మొదటి పేరాలో ఉప్పు, ఇంటి నీళ్లలో కంపెనీ కలిపే లవణాలు, మూసుకుపోయిన రంధ్రాలు. రెండో పేరాలో డాక్టర్ అడిగిన సీసాలు, ఆమె పేరుతో, ఆమె మాటల్లోనే. రాజవ్వ పేరు రాయలేదు. ఆ అవసరం లేదు, గ్యాలరీలో క్యాన్ నింపేది ఒక్కరే.

మొదటి షిఫ్టు భోజనానికి కూర్చునేసరికి తెర మీద రెండో పేరా లేదు. ఉప్పు దగ్గర వార్త ఆగిపోయింది. కింద నా పేరు ఉంది.

తెర గదికి పరిగెత్తాను. తాళం మార్చేశారు. తిరిగి వచ్చి భోజనాల హాల్లో బల్ల ఎక్కి నిలబడి రెండో పేరా చదివాను. గరిటెల చప్పుడు ఆగలేదు. ముందు వరుసలో ఎవరో అన్నారు, "రాజవ్వను బద్నాం జేసి ఇప్పుడు బల్లెక్కి ఏందమ్మా?" ఇంకెవరో బల్ల కాలు తన్నారు. దిగాను.

లాగ్ 95

ఉత్తర్వు వచ్చింది. పంటి వైద్యానికి సీలు సీసా నీళ్లు మాత్రమే వాడాలి. సీసాలు మేనేజర్ గ్రేడుకు మాత్రమే ఇస్తారు. ఉత్తర్వులో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. దానికి ఆధారంగా నా వార్తను చూపించారు.

స్వరూప వంతు రద్దయింది.

చక్రపాణి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఒక్క సీసా అడిగాను, అర లీటరు.

"మీ చెల్లెలికి ఇస్తే అందరికీ ఇవ్వాలి."

"ఇవ్వండి."

"చూడండి, నేను మిమ్మల్ని అర్థం చేసుకోగలను."

అర్థం చేసుకున్న మనిషి సీసా ఇవ్వలేదు. ఇంట్లో నీళ్లు కాచి ఆవిరి పడతామని అడిగాను. దొంగతనంగా గుడుంబా కాచిన కేసు తర్వాత ఆవిరి పట్టే గిన్నె ఏది కనిపించినా సీజ్ చేయమని ఉత్తర్వు ఉందని గుర్తు చేశాడు. ఆ వార్త నేనే రాశాను. గుడుంబా బాగా వచ్చిందని కూడా రాశాను.

డాక్టర్ రంధ్రాలు ఆమ్లంతో కడిగి శుభ్రం చేసింది. ఉప్పు కలపని ఇంటి నీళ్లతో ఒక పాత పన్ను మీద పరీక్షించింది. సగం పని కాకముందే మళ్లీ తెల్లగా పేరుకుంది. పన్ను పీకేయడం తప్ప మార్గం లేదేమోనని మెల్లగా అన్నది.

"పీకితే నన్ను గూడ పీకినట్టే," అన్నది స్వరూప. వాపు కంటి దాకా పాకింది. మాట ఒక పక్క నుంచే వస్తోంది. "అక్కా, భూమ్మీద మంచం మీద పండుకొని ఆకాశంల చంద్రుని చూస్త తియ్. అగో గదే మా ఇల్లు అంట."

"ఊకో."

"నువ్వు ఊకోవు గని నన్నెందుకు ఊకొమ్మంటవ్?"

లాగ్ 97

ఈ ఆలోచన స్వరూపది. నాది కాదు, అందుకే ముందు అది నమోదు చేస్తున్నాను.

బయటి సూటులో మనిషి ఊపిరి, చెమట ఆవిరై అద్దం కమ్మకుండా ఒక పరికరం దాన్ని నీళ్లుగా మార్చి చిన్న సీసాలోకి వదులుతుంది. ఆవిరి నుంచి వచ్చిన నీళ్లు కాబట్టి వాటిలో లవణాలు ఉండవు. రూలు ప్రకారం ఆ సీసా సూటు వేసుకున్నవాళ్ల సొంతం. షిఫ్టు దిగాక ఎవరిది వాళ్లు శుద్ధికి పోయే రేషను మురుగులో పోసి, ఆ మేరకు తమ రేషను లెక్కలో కలుపుకుంటారు.

"నాకు సూటిస్తె నా ఊపిరి నేనే తెచ్చుకుందును. వాపుంటె ఇయ్యరాయె," అన్నది.

ఒక సూటు సీసా అడుగున మిగిలిన తడి తీసుకుని డాక్టర్ పుల్ల ముంచింది. పద్దెనిమిది. ఆమె లేచి నిలబడింది.

"పనికొస్తాయి! నా దీపం కింద పెట్టి క్రిములు లేకుండా చేస్తాను. సీలు సీసా నీళ్లకి తక్కువేం కాదని నేను సంతకం పెడతాను. అర లీటరు కావాలండి. మధ్యలో అయిపోతే మాత్రం పన్ను దక్కదు, కాబట్టి పూర్తిగా ఉంటేనే మొదలుపెడతాను."

స్వరూప జట్టు షిఫ్టు దిగే గేటు దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్కరినీ అడిగాను. అందరికీ ఆమె అంటే గౌరవమే, అదే అడ్డం వచ్చింది.

"సర్దారమ్మకు నా ఎంగిలిస్తనా? మా అవ్వకెర్కైతె సంపుతది."

"నోట్లెకెళ్లి వచ్చిన నీళ్లక్కా అవి. వేరేటోళ్ల నోట్ల వోస్తరా?"

"గుక్కెడు అడుగు, రెండు గుక్కెలిస్త. ఎంగిలి మాత్రం అడుగకు."

ఉప్పు నీళ్లు శుభ్రం, ఆవిరి నీళ్లు మైల. పుల్ల తీసి చూపించాను. పుల్లకు ఎంగిలి ఏం తెలుస్తుందని ఒకతను అడిగాడు. వాళ్లు బయట ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకునే మనుషులు. ఒక్కరూ సీసా ఇవ్వలేదు. పది అడుగుల దూరంలో మురుగులో పోసి వెళ్లారు. పోస్తుంటే చప్పుడు వినిపించింది.

తోడబుట్టినవాళ్ల మధ్య ఎంగిలి లేదు. మిగిలింది నేను. గ్యాలరీలో ఎవరికైనా ఏడాదికి ఒక షిఫ్టు శిక్షణ సూటు వేసుకునే హక్కు ఉంది. నేను ఎన్నడూ వాడుకోలేదు. శిక్షణ గదిలో సూటు తొడుక్కుని, చల్లదనం తగ్గించి, నడక పట్టీ ఎక్కాను. యాభై మూడేళ్ల మోకాళ్లు. షిఫ్టంతా నడిచాను. దిగి నేల మీద కూర్చున్నాను. సీసా చూశాను. సగానికి కొంచెం పైన.

నా షిఫ్టు అయిపోయింది. మళ్లీ ఏడాదికి.

లాగ్ 98

శిక్షణ గది నేల మీదే కూర్చుని ఉన్నాను. రాజవ్వ వచ్చింది. నన్నూ, నా పక్కన సీసానూ చూసింది. వార్త పడిన తర్వాత ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు.

"ఏం జేస్తానవే?"

"చెల్లెకు చెమట వడుతాన."

"ఎల్లిందా?"

"సగం ఎల్లింది."

ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

"ఎంగిలి నీళ్లు అడుక్క తిరుగుతానవని చెప్పిన్రు. తిట్టిపోదామని వచ్చిన."

"తిట్టు అవ్వా. అందరు తిట్టిన్రు, నువ్వొక్కదానివే మిగిలినవ్."

తిట్టలేదు. సీసా చేతికి తీసుకుని దీపానికి అడ్డంగా పెట్టి చూసింది. వాసన చూసింది.

"ఓదెలు మొన్న నా ఇంటికి వచ్చిండు. నన్నేమన్లే. అవ్వా, నీ లవంగాలు మస్తు వాసనొచ్చినయ్ అన్నడు, పగిలిన పన్నుతోని నవ్వుకుంట. దానికంటె చెంప మీద కొడితె బాగుండు." సీసా తిరిగి నా పక్కన పెట్టింది. "ఇంకెంత గావాలె?"

"ఇంత. కానీ ఎవలిస్తరు? దానికి నేను దప్ప ఎవరున్నరు?"

"ఎవలున్నరా? మీ అమ్మ షిఫ్టుకు పోతె దాన్ని నా ఒళ్లె ఏసి పోయేది. పండ్లు రాని పోరికి అన్నం నేను నమిలి నమిలి వెట్టిన. ముద్ద ముద్దకు నా ఎంగిలే తిన్నదది. అప్పుడు లేని ఎంగిలి ఇప్పుడెక్కడికెళ్లి వచ్చిందే? లే, ఆ సూటు తొడుగు నాకు."

"నడవాలె అవ్వా. నీతోని కాదు."

"కూసుంటె రాదా?"

"వస్తది. తక్కువస్తది. మాట్లాడుకుంట కూసుంటె కొంచెం ఎక్కువస్తది."

"అట్లనా," అన్నది రాజవ్వ. "అయితె ఫికరు లేదు."

సూటు తొడిగి కుర్చీలో కూర్చోబెట్టాను. చెవి దగ్గరి స్పీకరు నాకు పెట్టుకున్నాను. చక్రపాణితో మొదలుపెట్టింది. వాళ్ల నాయనను, పాలసీని, ఉత్తర్వు రాసిన వేళ్లను, సీసాలను, సీసా మూతలను వదల్లేదు. అక్కడి నుంచి మంచు కొనుక్కుపోయే ఓడలకు వెళ్లింది. తర్వాత నన్ను తిట్టింది, పేరు రాయకుండానే పేరు చెడగొట్టినందుకు. ఆ తర్వాత తనను తాను తిట్టుకుంది. అది ఎక్కువసేపు సాగింది. ఆ భాగం ఈ లాగ్‌లో ఉంచడం లేదు. నీళ్లు తాగమంటే తాగి మళ్లీ చక్రపాణి దగ్గరికి వచ్చింది. చెప్పిన మాట మళ్లీ చెప్పలేదు.

షిఫ్టు సైరన్ మోగేసరికి గొంతు పూర్తిగా పోయింది. ఆమె సీసా నా సీసాలో పోశాను. అర లీటరు గీత దాటింది.

లాగ్ 99

డాక్టర్ పుల్ల ముంచింది. ఇరవై రెండు. దీపం కింద పెట్టింది, సంతకం పెట్టింది. సీలు సీసా కాదని చక్రపాణి కబురు పంపాడు. "నా కుర్చీలో ఏ నీళ్లు పనికొస్తాయో చెప్పేది నేను. ఒప్పుకోకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోమనండి," అని ఆమె తిప్పి పంపింది. జవాబు వచ్చేలోపు లేజర్ ఆన్ చేసింది.

స్వరూపకు, నాకు, రాజవ్వకు నల్లద్దాలు. టపటప మొదలైంది. జల్లు పన్ను మీదే పడుతోంది. రాజవ్వ ముక్కు పైకెత్తి గాలి పీలుస్తూ నిలబడింది. కాలిన వాసన కోసం నేనూ పీల్చాను. రాలేదు. చివరిదాకా రాలేదు. పుచ్చు తీసి, చీము వదిలించి, గుంత పూడ్చి డాక్టర్ అద్దాలు తీసేసింది. సీసాలో అడుగున రెండు చెంచాల నీళ్లు మిగిలాయి.

వాపు దిగాక కొరుకుడు పరీక్ష జరిగింది. మీట కొరికినప్పుడు స్వరూప కళ్లు మూసుకుంది. ముల్లు గీత దాటి నిలబడింది. పరీక్షకుడు మళ్లీ కొరకమన్నాడు. మళ్లీ దాటింది. రేపటి నుంచి డ్యూటీ.

ఓదెలు పేరు, మిగతా ముగ్గురి పేర్లు ఓడ జాబితాలోనే ఉన్నాయి. వాళ్ల దరఖాస్తుకు కంపెనీ ఇచ్చిన జవాబులో నా మొదటి పేరా ఉంది. ప్రతి షిఫ్టు భోజనానికీ బల్ల ఎక్కి రెండో పేరా చదువుతున్నాను. ఓదెలు వచ్చి బల్ల కాలు పట్టుకుని నిలబడుతున్నాడు, ఎవరూ తన్నకుండా. గరిటెల చప్పుడు నిన్న కొంత తగ్గింది. జాబితా మాత్రం మారలేదు.

ఇవాళ రెండో షిఫ్టుకు చక్రపాణి నన్ను శిక్షణ గదికి పిలిపించాడు. గది బయట ఏడుగురు ముసలమ్మలు వరుసగా కూర్చుని ఉన్నారు. ముందు, తన షిఫ్టు అయిపోయినా వాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన రాజవ్వ. వంతు రద్దయిన పుచ్చుపళ్లవాళ్లలో ఎవరు ఎవరికి పెద్దమ్మో, ఎవరికి మేనత్తో, ఎవరు ఎవరికి చిన్నప్పుడు నమిలి పెట్టారో వేళ్ల మీద తేల్చుకుంటున్నారు. వరుస కలవనివాళ్లకు కలుపుతున్నారు.

"వీళ్లంతా ఒకేసారి సూట్లు అడుగుతున్నారు," అన్నాడు చక్రపాణి. "శిక్షణ హక్కట. దేనికో చెప్పరు. అవ్వా, నిన్నే అడుగుతున్నాను. ఈ వయసులో వీళ్లకు సూట్లెందుకు?"

రాజవ్వకు గొంతు ఇంకా సరిగా రాలేదు. అయినా వరండా చివరి దాకా వినిపించింది.

"నిన్ను తిట్టనీకె సారూ. డాక్టరమ్మకు నీళ్లు గావాలెనట."